ఎనిమిదో నంబరుకి మేనమామ

మా పేటలో అతన్ని పేరు పెట్టి పిలిచేవాళ్ళు లేరు. అందరికీ అతను మేనమామే. వయసులో అతనికంటే బాగా పెద్దవాడైన టీ దుకాణం పెద్దాయనకీ మేనమామే, బస్సు కండక్టరుకీ మేనమామే, రంగులు వేయించుకునే ఇళ్ళవాళ్ళకీ మేనమామే. ఆఖరికి ఎవరైనా తలుపు తడితే సొంత భార్య కూడా "మేనమామ పనికెళ్ళారండీ" అని చెప్పే దాకా వచ్చింది. వరస పట్టి చూస్తే పేటలోని మగాళ్ళంతా అతనికి మేనల్లుళ్ళు కావాలి. నిజానికి ఉన్నది ఒక్కడే. ఆ ఒక్కడు మా ఎర్రజట్టులో ఎనిమిదో నంబరు.

ఫుట్‌బాల్ తెలియనివాళ్ళకి ఒక మాట చెప్పాలి. గోల్ కొట్టినవాణ్ణి అందరూ భుజాలకెత్తుకుంటారు. బంతి వాడి కాలి దగ్గరికి ఎలా వచ్చిందో పట్టించుకునేవాళ్ళు తక్కువ. మైదానం నడుమ తిరుగుతూ, వెనకవాళ్ళ దగ్గర బంతి అందుకుని ముందువాళ్ళకి అందించేవాణ్ణి మిడ్‌ఫీల్డరు అంటారు. ఆ పనిలో మా ఎనిమిదో నంబరుని మించినవాడు లేడు. ఇది నా అభిమానం మాట్లాడిస్తున్న మాట కాదు. అవతలివాళ్ళు కూడా ఒప్పుకునే మాట.

అవతలివాళ్ళంటే ఏటికి అవతలివాళ్ళు. మా ఊరిని ఏరు రెండుగా చీల్చింది. ఇవతలి ఒడ్డు మాది, ఎరుపు. అవతలి ఒడ్డు వాళ్ళది, నీలం. నడుమ పెద్ద వంతెన ఉంది గానీ, రెండు జట్లకీ మ్యాచ్ ఉన్న వారంలో దాని మీద నడవాలంటే అవసరం గట్టిదై ఉండాలి.

నేను ఎలక్ట్రీషియన్ని. మేనమామ పెయింటరు. గోడలు చెక్కి వైర్లు లాగేది నేను, నేను చెక్కిన చోటల్లా లప్పం పెట్టి, గరుకు కాగితంతో రుద్ది, రంగు వేసేది అతను. రుద్దినంతసేపూ నన్ను తిడుతూనే ఉంటాడు. మా స్నేహానికి ఆ తిట్లే పునాది. పనిమంతుడు. గోడ మూల దగ్గర కుంచె ఆనించి పైనుంచి కిందికి లాగితే స్కేలు పెట్టి గీసినట్టు వచ్చేది. నోరు మాత్రం ఒక్క క్షణం ఊరుకోదు. నిచ్చెన మీద ఉన్నంతసేపూ మేనల్లుడి కబుర్లే. వాడికి మొదటి బూట్లు కొన్నది తను. లారీ తోలే బావ నెలల తరబడి ఇంటి ముఖం చూడకపోతే, తెల్లారకముందే వాణ్ణి లేపి స్కూటరు మీద గ్రౌండుకి తీసుకెళ్ళింది తను. ఎడమకాలితో కూడా బంతి తన్నమని సతాయించింది తను. అన్నీ నిజాలే. కాకపోతే ఒక్కో నిజమూ నాకు కంఠతా వచ్చేసింది.

ఇంకో సంగతి కూడా ఉంది. అతను గోడకి నీలం వేయడు. ఇంటివాళ్ళు నీలం అడిగితే గది చీకటైపోతుందంటాడు, వెలిసిపోతుందంటాడు, కళ్ళకి మంచిది కాదంటాడు, మెల్లగా ఆకుపచ్చ వైపు తిప్పుతాడు. అప్పటికీ వినకపోతే ఆ పనిని ఇంకో పెయింటరుకి అప్పగించి దణ్ణం పెట్టి వచ్చేస్తాడు. బయటివాళ్ళకి ఇది వెర్రిగా కనిపిస్తుందని నాకు తెలుసు. మా పేటలో మాత్రం ఇదే మర్యాద.

ఆ వార్త ఒక పొద్దున కండక్టరు ఫోన్లోంచి టీ దుకాణంలోకి ఊడిపడింది. ఎనిమిదో నంబరుకి మా జట్టుతో ఒప్పందం ఈ సీజనుతో ముగిసిపోతుందట, నీలంజట్టు వాణ్ణి తీసుకోవాలని చూస్తోందట. అందరికీ గుండెల్లో రాయి పడింది.

కండక్టరు ఒంటికాలి మీద లేచాడు. వెళ్ళేవాడైతే వాడి బొమ్మ ఉన్న ప్రతి పోస్టరూ తన చేత్తోనే చింపుతానన్నాడు. మా గుంపులో చదువుకున్నవాడు బ్యాంకు గుమాస్తా. ఉద్యోగం అన్నాక మారడం మామూలేననీ, కండక్టరు మాత్రం పాత రూటు వదిలి కొత్త రూటు వేయించుకోలేదా అనీ అడిగాడు. రూటు మార్చుకున్న మాట నిజమే గానీ, పాత రూటు ప్రయాణికుల మీదికి బస్సు ఎక్కించలేదు కదా అన్నాడు కండక్టరు. ఈలోగా పెద్దాయన బల్ల మీద టీ గ్లాసులు పేర్చి, చక్కెర డబ్బాని గోల్‌పోస్టు చేసి, ఎనిమిదో నంబరు గ్లాసు తీసేస్తే జట్టు ఎలా ఉంటుందో చూపించాడు. నడుమ అంతా ఖాళీ. చూడబుద్ధి కాలేదు. తప్పు మనవాళ్ళదేనన్నాడు పెద్దాయన. ఈ ఏడాది కోచ్ వాణ్ణి సగం ఆట కాగానే బయట కూర్చోబెడుతున్నాడు, పాసులు తప్పుతున్నాయని జనం గోల చేస్తున్నారు, పౌరుషం ఉన్నవాడు ఎన్నాళ్ళు పడతాడు అని. తప్పుతున్న మాట నిజం కాదా అన్నాను నేను. అందరూ నా మీద విరుచుకుపడ్డారు.

చివరికి ఒకరి తర్వాత ఒకరు మేనమామ వైపు తిరిగారు. అతను అప్పటిదాకా గ్లాసు చివర నురగని ఊదుకుంటూ కూర్చున్నాడు.

"వెళ్ళడు," అన్నాడు. "వెళ్ళేదే ఉంటే ముందు నాకు చెబుతాడు. నాకు చెప్పకుండా వాడు ఏ పనీ చెయ్యడు."

"మాటిస్తున్నావా?" అన్నాడు కండక్టరు.

"ఇస్తున్నా."

ఆ ఒక్క మాటతో దుకాణమంతా ఊపిరి పీల్చుకుంది. పెద్దాయన ఇంకో విడత టీ పెట్టాడు.

మర్నాడు మేనమామ ఇంకో అడుగు ముందుకేశాడు. నిన్న సాయంత్రం వాడే ఫోన్ చేశాడనీ, పేపర్ల రాతలు నమ్మొద్దు మామయ్యా అన్నాడనీ చెప్పాడు. అందరూ తలలూపారు. నేను తల దించుకుని టీ తాగాను. ఎందుకంటే ఆ సాయంత్రమంతా అతని ఫోను మా ఇంట్లో నా బల్ల మీద ఉంది. చార్జింగ్ పిన్ను విరిగిందని తనే తెచ్చి ఇచ్చాడు. నేను దాన్ని విప్పి, ఏ ముక్కకాముక్క పరిచి పెట్టుకున్నాను. ఆ ముక్కల్లోంచి ఎనిమిదో నంబరు మాట్లాడి ఉంటే నాకు వినిపించేదే.

ఫోను బాగుచేసి ఇవ్వడానికి వాళ్ళింటికి వెళ్తే అతను లేడు. భార్య తీసుకుంది. తీసుకుంటూ, వీధి వైపు ఒకసారి చూసి, గొంతు తగ్గించింది.

"ఏడాది అవుతోంది తమ్ముడూ, వాడంతట వాడు ఈయనకి ఫోన్ చేసి. ఈయన చేస్తే ఎత్తుతాడు. బాగున్నావా మామయ్యా అంటాడు, పనుంది మళ్ళీ చేస్తానంటాడు. అంతే. వెళ్ళి అడగండి అంటే వినరు. అడిగితే నాకు తెలీదని ఒప్పుకున్నట్టే కదే అంటారు."

అప్పుడు నాకు అసలు సంగతి బోధపడింది. ఎనిమిదో నంబరు ఏ రంగు చొక్కా వేసుకుంటాడన్నది మా బెంగ. అతని బెంగ వేరు. వాడు తనకి చెబుతాడా, చెప్పడా? చెప్పకపోతే ఇన్నేళ్ళూ ఊరంతా పిలిచిన పిలుపుకి లోపల ఏమీ లేనట్టే. నాకు జాలేసింది. జాలి వేసినందుకు చిరాకు కూడా వేసింది. చేతిలో ఫోను ఉండగా, వంతెన దాటకుండానే వాణ్ణి కన్న చెల్లెలి ఇల్లు ఉండగా, మనిషి ఇంత బాధ పడడం ఏమిటి?

ఆ వారమంతా అతను కాలు కాలిన పిల్లిలా తిరిగాడు. మేమిద్దరం అప్పుడు ఒక టీచరమ్మ ఇంట్లో పని చేస్తున్నాం. మొదటి కోటు ఆరకముందే రెండో కోటు లాగించాడు. పొద్దున్నే వచ్చి చూస్తే గోడ పొట్టు లేచి ఉంది. నేను కొత్తగా బిగించిన స్విచ్చుల మీద కూడా రంగు పూసేశాడు. ఫోను ఎవరిది మోగినా నిచ్చెన దిగేవాడు, రంగు చేత్తోనే జేబు తడిమేవాడు, తనది కాదని తెలిసి మళ్ళీ ఎక్కేవాడు. రంగు పడకుండా నేల మీద పరిచిన పాత పేపర్లలో ఎక్కడైనా ఆటల పేజీ కనిపిస్తే మోకాళ్ళ మీద కూర్చుని చదివేవాడు. ఎప్పుడో ముగిసిపోయిన మ్యాచ్ గురించి అంత ఆత్రంగా చదివే మనిషిని నేను మళ్ళీ చూడలేదు. టీచరమ్మ వచ్చి, మేనమామా ఈ గోడ మీకు నచ్చిందా అని అడిగింది. పాపం ఆవిడ తిట్టలేదు. తిట్టినా బాగుండేది.

వారం చివర్లో చెల్లెలి దగ్గర్నించి ఫోన్ వచ్చింది. నేను పక్కనే ఉన్నాను. పేరు చూడగానే అతని మొహం వెలిగింది. విన్న కొద్దీ ఆ వెలుగు తగ్గుతూ వచ్చింది. ముందుగదికి రంగు వెయ్యాలట. తనే రావాలట, వేరేవాళ్ళని పంపొద్దట. లైటు కూడా మార్చాలి కాబట్టి నన్ను తీసుకురమ్మందట. ఏ రంగు అని అడిగాడు. జవాబు విని ఆగిపోయాడు.

"నీలమా?" అన్నాడు మెల్లగా.

నీలమేనందావిడ. అన్నగారు నీలం వేయడన్న సంగతి ఆవిడకంటే బాగా తెలిసినవాళ్ళు ఎవరున్నారు? అతను ఇంకేమీ అడగకుండా ఫోను జేబులో పెట్టుకున్నాడు.

రంగుల దుకాణంలో కౌంటరు దగ్గర కూర్చునేవాడు మావాడే, ఎరుపు. మేనమామ నోట నీలం అన్న మాట విని మళ్ళీ చెప్పమన్నాడు. మళ్ళీ చెప్పాడు. ఇంకోసారి చెప్పమన్నాడు. ఇక మిషన్లో కలిపి, ఏ రంగో తెలిసేలా డబ్బా మూత మీద ఒక చుక్క అద్ది, ఎవరికి అని అడిగాడు. మేనమామ అబద్ధం ఆడలేక చెల్లెలింటికి అన్నాడు. మేము స్కూటరు మీద పేటకి చేరేలోపే కబురు మాకంటే ముందు చేరింది.

టీ దుకాణంలో జరిగింది చెబితే నవ్వుతారు. డబ్బా మూత మీద చుక్క చూసి కండక్టరు, ఇంక పేపర్లెందుకు, సంతకం అయిపోయిందన్నమాట అని తేల్చేశాడు. ఇల్లు నీలం వేయిస్తున్నారంటే ఆ ఇంటివాడు నీలంలో చేరినట్టే. గుమాస్తా ఒక్కడే, గోడ వేరు ఒప్పందం వేరు అని వాదించబోయాడు. ఎవరూ వినలేదు. పెళ్ళాం పిల్లలున్న పెద్దమనుషులు రంగు డబ్బా మూతలో ఆటగాడి భవిష్యత్తు చూడడం ప్రపంచంలో ఇంకెక్కడైనా జరుగుతుందా? నాకు ఒళ్ళు మండింది. ఏదో అనబోయాను. అంతలో పెద్దాయన మేనమామ ముందు గ్లాసు పెట్టాడు.

"చక్కెర సరిపోయిందాండీ, పెయింటరుగారూ?" అన్నాడు.

అందరూ విన్నారు. ఎవరూ నవ్వలేదు. మర్యాదగా పిలిస్తే మనిషి అంత చిన్నబోతాడని నాకు అప్పటిదాకా తెలియదు. మేనమామ గ్లాసు ముట్టుకోకుండా లేచి, డబ్బా పట్టుకుని ఇంటికి వెళ్ళిపోయాడు.

మర్నాడు పొద్దున్నే చెల్లెలింటికి వెళ్ళాం. ముందుగదిలో సామాను అంతా నడిమికి జరిపి దుప్పటి కప్పి ఉంచారు. చెల్లెలు మంచినీళ్ళిచ్చింది, వదిన బాగుందా అని అడిగింది, అడిగిందే మళ్ళీ అడిగింది, వంటింట్లోకి వెళ్ళిపోయింది. మేనమామ గోడ అంచులకి టేపు అంటించాడు. డబ్బా తెరిచాడు. కాసేపు దాంట్లోకి చూస్తూ నిలబడ్డాడు. తర్వాత రోలరు ముంచి గోడకి ఆనించాడు. తెల్లటి గోడ మీద నీలం పట్టీ ఒకటి పైకి పోయింది. అతను ఊపిరి బిగబట్టి వేశాడని పక్కనున్న నాకు తెలిసింది.

నేను స్టూలెక్కి పాత లైటు విప్పుతుండగా లోపలి గదిలోంచి ఎనిమిదో నంబరు వచ్చాడు. మైదానంలో చూసినప్పుడు కొండలా కనిపించేవాడు, లుంగీ కట్టుకుని, కుర్చీ వీపు పట్టుకుని మెల్లగా కూర్చున్నాడు. నన్ను చూసి చిన్నగా నవ్వాడు. దిగి బయటికి వెళ్దామంటే నా రెండు చేతుల్లోనూ వైర్లున్నాయి.

"రంగు బాగుందా మామయ్యా?" అన్నాడు.

"రంగుదేముంది," అన్నాడు మేనమామ, గోడ వైపే చూస్తూ. "ఎవరు ఎంచారు?"

"నేనే. అమ్మతో చెప్పించాను." వాడు నేల చూశాడు. "నువ్వు చూస్తే నీకే తెలుస్తుందనుకున్నా. నోటితో చెప్పడం నా వల్ల కాలేదు."

అంటే టీ దుకాణం పెద్దమనుషులు పప్పులో కాలేయలేదన్నమాట. వాడూ ఆ పేటలోనే పెరిగాడు కదా. వాళ్ళు గోడ చూసి ఏమనుకుంటారో అదే ఉద్దేశంతో గోడకి రంగు ఎంచాడు.

మేనమామ రోలరుని ట్రేలో పెట్టాడు. వెనక్కి తిరిగాడు. అతనికి అంత కోపం రావడం నేను ఎప్పుడూ చూడలేదు.

"గోడకి చెబితే నాకు చెప్పినట్టేనా? ఏరా, నేను గోడనా? నాకు చెప్పకుండా వాడేం చెయ్యడని పదిమందిలో మాటిచ్చాను. వాళ్ళు డబ్బా మూత చూసి తెలుసుకున్నారు. నేను కూడా మూత చూసే తెలుసుకోవాలా?"

వంటింట్లో గిన్నెల చప్పుడు ఆగిపోయింది.

"ఇప్పుడు చెప్పు," అన్నాడు మేనమామ. "నోటితో చెప్పు."

"నీలంజట్టుకి వెళ్తున్నాను మామయ్యా. సంతకం కూడా పెట్టేశాను."

అడిగి చెప్పించుకున్నాడు గానీ, విన్నాక మేనమామ డబ్బా పక్కనే నేల మీద కూర్చున్నాడు. ఎందుకురా అన్నాడు. వాడు లుంగీ పైకి లాగి మోకాలు చూపించాడు. వాచి, నున్నగా మెరుస్తోంది. ఏడాదిగా ప్రతి మ్యాచ్‌కీ ముందు మా జట్టువాళ్ళు దానికి నొప్పి తెలియకుండా సూది వేసి ఆడిస్తున్నారట. అందుకే పాసులు తప్పుతున్నాయట, అందుకే సగం ఆటకి మించి నిలబడలేకపోతున్నాడట. అవతలివాళ్ళ డాక్టరు చూసి, ముందు కొన్ని నెలలు విశ్రాంతి, తర్వాతే ఆట అన్నాడట. ఇక్కడే ఉంటే వచ్చే సీజనుకి కాలు పోతుందని వాడికి అర్థమైపోయింది.

"మరి నాకెందుకు చెప్పలేదు?"

"ఎలా చెప్పను? ప్రతి మ్యాచ్ అయ్యాక ఆ పాసు ఎందుకు తప్పిందిరా అని అడుగుతావు. నీతో అబద్ధం ఆడలేను. నిజం చెబితే నువ్వు టీ దుకాణంలో చెప్పకుండా ఉండలేవు. మోకాలి సంగతి బయటపడితే ఎదుటివాళ్ళు దాన్నే వెతుక్కుని తంతారు మామయ్యా. అందుకే ఫోన్ చెయ్యడం మానేశాను."

ఇంత మాట మొహం మీద అంటే ఎవరికైనా కష్టంగానే ఉంటుంది. అందులోనూ అది నిజమైతే ఇంకా కష్టం. మేనమామ చేతులు గుడ్డకి తుడుచుకుని, దగ్గరికి జరిగి, వాచిన మోకాలి చుట్టూ వేళ్ళతో నెమ్మదిగా నొక్కి చూశాడు. ఎక్కడ నొప్పి అని అడిగాడు. వాడు చూపించాడు. తర్వాత లేచి రోలరు అందుకున్నాడు. కోపం పోయిందని నేను అనుకోను. మధ్యాహ్నానికి గోడ పూర్తిచేసి, రెండో కోటు రేపు వేస్తానని చెల్లెలితో చెప్పాడు. బయటికి వచ్చాక నా భుజం పట్టుకుని, "తమ్ముడూ, నువ్వేం వినలేదు," అన్నాడు. వినలేదన్నాను.

నేరుగా టీ దుకాణానికి వెళ్ళాడు. నేను వద్దంటున్నా వెళ్ళాడు. చేతుల నిండా నీలం అలాగే ఉంది. నిలబడే చెప్పాడు. వాడు వెళ్తున్నాడనీ, ఈరోజే తనతో చెప్పాడనీ, అంతకుముందు తనకేమీ తెలియదనీ, ఫోన్ చేశాడన్నది అబద్ధమనీ. అబద్ధం ఒప్పుకున్న మనిషిని ఏమనాలో ఎవరికీ తోచలేదు.

కండక్టరే తేరుకున్నాడు. ఎందుకు వెళ్తున్నాడట అని అడిగాడు.

మేనమామ పెదాలు కదిలాయి. ఆ నోరు ఊరుకున్న రోజు నాకు తెలిసి లేదు. మోకాలి గురించి ఒక్క మాట అంటే చాలు, కండక్టరు కూడా కళ్ళు తుడుచుకునేవాడు, పెద్దాయన లేచి వచ్చి కావలించుకునేవాడు.

"వాడిష్టం," అన్నాడు.

డబ్బు కోసమేగా అన్నారెవరో. అతను కాదనలేదు. ఉద్యోగం మారితే తప్పేమిటన్న గుమాస్తా కూడా ఆ జవాబుకి మొహం మాడ్చుకున్నాడు.

తర్వాతి నెలలు ఎలా గడిచాయో నాకు తెలుసు. కండక్టరు అన్నంత పనీ చేసి పోస్టర్లు చింపాడు. మేనమామ మాత్రం రోజూ టీ దుకాణానికి రావడం మానలేదు. పెయింటరుగారూ అని పిలిపించుకుంటూనే వచ్చాడు. ద్రోహి, డబ్బు మనిషి, కళ్ళు నెత్తికెక్కాయి, ఇలాంటివన్నీ మేనల్లుడి గురించి అతని ఎదుటే అన్నారు. అతను గ్లాసుని చేతుల్లో తిప్పుతూ కూర్చునేవాడు. ఒక్కోసారి ఏదో మొదలుపెట్టి, మధ్యలో ఆపి, వానొచ్చేలా ఉందనేవాడు. ఆకాశంలో మబ్బుతునక కూడా ఉండేది కాదు. పనిలో కూడా నోరు మెదిపేవాడు కాదు. నేను చెక్కిన గోడని తిట్టకుండా పూడుస్తుంటే నాకే తోచక, తిట్టమని అడిగాను. ఇప్పుడు వాడు ఫోన్ చేస్తున్నాడట. ఆ సంగతి భార్య చెప్పింది గానీ, అతను చెప్పలేదు. అవతల విశ్రాంతి అయ్యాక వాడు ఆడడం మొదలుపెట్టాడని మాకు పేపర్లలోనే తెలిసింది. మునుపటిలా ఆడుతున్నాడని కూడా తెలిసింది. అది మాకు ఇంకా మంట.

రెండు జట్లకీ మ్యాచ్ వచ్చింది. మా గ్రౌండులోనే. మేనమామ ఎర్రచొక్కా వేసుకుని మాతోపాటు మా గ్యాలరీలోనే కూర్చున్నాడు. ఒకవైపు నేను, ఒకవైపు కండక్టరు. ఎనిమిదో నంబరు నీలంలో మైదానంలోకి రాగానే, మొదటిసారి బంతి అందుకోగానే, గ్యాలరీ మొత్తం ఒక్క గొంతుతో గోల పెట్టింది. మేనమామ కూడా పెట్టాడు. అదేమిటని నేను తిరిగి చూస్తే, "ఎర్రజట్టు మనిషినే కదా తమ్ముడూ," అన్నాడు. అలా అంటూనే కూర్చున్న బల్ల అంచుని పిడికిలితో బిగించి పట్టుకుని ఉన్నాడు. ఆట సాగినంతసేపూ ఆ పట్టు వదల్లేదు. వాడు బాగా ఆడాడు. మా నడుమ ఎంత ఖాళీ ఉందో వాడే మాకు చూపించాడు.

రెండో సగంలో వాడు బంతి తీసుకుని మా గ్యాలరీ ముందుకే వచ్చాడు. మా డిఫెండరు అడ్డుపడ్డాడు. బంతి అప్పటికే వెళ్ళిపోయింది. కాలు మాత్రం తిన్నగా వెళ్ళి వాడి మోకాలికి తగిలింది. వాడు పడిపోయాడు. మావాళ్ళంతా లేచి నిలబడి ఆనందంతో కేకలు పెట్టారు. నిజం చెప్పాలంటే నేను కూడా సగం లేచాను.

ఆ కేకల్లోంచి ఒక గొంతు పైకి లేచింది. మేనమామ బల్ల ఎక్కి నిలబడ్డాడు. మెడ నరాలు ఉబ్బిపోయాయి. రెఫరీని పిలుస్తున్నాడు. మా డిఫెండరుని, మా ఎర్రజట్టు వాణ్ణి, బయటికి పంపమంటున్నాడు. కార్డు తియ్యవయ్యా, కనబడలేదా, వాడి కాలు విరగ్గొట్టాడయ్యా అని. చుట్టూ వందలమంది ఎర్రచొక్కాలు ఆగి అతని వైపు తిరిగారు. కండక్టరు అతని చొక్కా పట్టుకుని కిందికి లాగాడు.

"మనవాణ్ణి పంపెయ్యమంటావేంటయ్యా? అసలు నువ్వు ఎవరి వైపు?"

"ఆ మోకాలి వైపు," అన్నాడు మేనమామ.

గొంతు బొంగురుపోయింది. కళ్ళ నుంచి నీళ్ళు కారుతున్నాయి, తుడుచుకోవాలన్న ధ్యాస లేదు. కండక్టరు మైదానంలోకి చూశాడు. వాడు రెండు చేతులతో మోకాలు పట్టుకుని ముడుచుకుని పడి ఉన్నాడు. నీలంజట్టు డాక్టరు పరుగెత్తుకొస్తున్నాడు. కండక్టరు మళ్ళీ మేనమామ మొహం చూశాడు. నెలల తరబడి ఈ మనిషి ఎదుట తను అన్న మాటలన్నీ అప్పుడు గుర్తొచ్చి ఉంటాయి. చొక్కా వదిలేశాడు. ముందు వరసల్లో ఇంకా నిలబడి ఉన్నవాళ్ళ భుజాల మీద ఒక్కొక్కరినీ తట్టి, కూర్చోండి, ఆయనకి కనబడడం లేదు అని కూర్చోబెట్టసాగాడు.